అడ్డంగా వచ్చిన బొమ్మ

మా ఆయన షార్జాలో ఒక మాల్ పై అంతస్తులో ఉన్న ఆటల హాల్లో మెకానిక్కు. పిల్లలు టోకెన్లు వేసి ఆడుకునే మిషన్లు చెడిపోతే బాగుచెయ్యడం ఆయన పని. టోకెను ఇరుక్కుపోతుంది, కారు ఆటలో స్టీరింగు ఊడి చేతికొస్తుంది, తుపాకీ ఆటలో తీగ తెగిపోతుంది. రోజంతా అవే. హాలు మధ్యాహ్నం తెరిచేవాళ్లు కాబట్టి పొద్దుటిపూట ఆయన ఇంట్లో ఉండేవారు. రెండు వేల మూడులో పెళ్లి చేసుకుని నేను దుబాయ్ వెళ్లాను. మా నెల్లూరు వైపు షార్జా అయినా అబుదాబి అయినా దుబాయ్ అనే అంటారు. అక్కడ మా కాపురమంతా ఆ పొద్దుటిపూటల్లోనే నడిచింది.

షార్జాలోనే రోలా అనే బజారు పేటలో, బట్టల దుకాణాల పైన ఒక ఫ్లాటులో మాకు ఒక గది. ఫ్లాటు తీసుకుని మాకు గది ఇచ్చినవాళ్లు హైదరాబాదు భార్యాభర్తలు. ఆమెను ఖాలా అని, ఆయన్ని ఖాలూ అని పిలిచేదాన్ని, పిన్నీ బాబాయీ అన్నట్టు. ఖాలూ స్కూలు బస్సు నడిపేవారు. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లై వేరే ఊళ్లల్లో స్థిరపడ్డారు. మేమూ ముస్లింలమే గానీ మా ఇళ్లల్లో మాట్లాడేది తెలుగు. నేను వచ్చిన మొదటి రోజు కష్టపడి కూడగట్టుకున్న ఉర్దూ విని ఖాలా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నువ్వు తెలుగుల్నే మాట్లాడు బేటీ, నాకొస్తది" అంది. అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్యా తెలుగే, మధ్యమధ్య ఆమె ఉర్దూ కలుస్తూ.

మరుసటి ఏడాది నాకు నెల తప్పింది. ఐదో నెలలో బిడ్డ దక్కలేదు. హాస్పిటల్లో మత్తులో ఉన్నప్పుడు ఏం జరిగిందో నాకు తెలియదు. మెలకువ వచ్చేసరికి ఖాలా నా పాదాలు రుద్దుతూ ఉంది. మా ఆయన గదిలో లేరు. సాయంత్రం ఎప్పుడో వచ్చారు. చొక్కా చేతులకు మట్టి ఉంది. నేను చూశాను, అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఇంటికి వచ్చాక నేను మంచం దిగడం మానేశాను. ఒళ్లు బాగానే కోలుకుందని డాక్టరమ్మ అంది. కానీ లేవాలనిపించేది కాదు. కడుపుతో ఉన్నప్పుడు, ఎడమవైపుకు తిరిగి పడుకో, బిడ్డకు మంచిది అని ఆవిడే చెప్పింది. బిడ్డ పోయినా ఆ అలవాటు పోలేదు. ఎడమ చెంప దిండుకు ఆనించి ఎదురు గోడను చూస్తూ పడుకునేదాన్ని. గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోట ఒక ఆకారం ఉండేది. ఒక పూట అది మేకలాగా, ఒక పూట కూజాలాగా కనబడేది.

మా ఆయన అసలే మాటల మనిషి కారు. చాయ్ పెట్టి మంచం పక్కన ఉంచి, "తాగు మే" అనేవారు. కాసేపయ్యాక వచ్చి, "తాగినావా?" అనేవారు. నేను "ఊఁ" అనేదాన్ని. తాగకపోయినా ఊఁ అనే. చల్లారిన గ్లాసు తీసుకుపోయి ఏమీ అనకుండా కడిగి పెట్టేవారు. ఇద్దరం ఒకే గదిలో, చేతికందే దూరంలో ఉండి కూడా ఆ విషయం ఎత్తేవాళ్లం కాదు. ఖాలా వచ్చి నా తల దువ్వి జడ వేసిపోయేది. ఆమె కూడా ఆ మాట ఎత్తేది కాదు.

అలా ఉండగా ఒక పొద్దున నేను కళ్లు తెరిచేసరికి, మంచానికీ గోడకూ మధ్య నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చుని ఉన్నారు. ముందర ఒక పచ్చటి అట్టలాంటిది పెట్టుకుని పాత బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నారు. దాని నిండా నల్లటి చిప్పులు, ఒక అంచున దువ్వెన పళ్లలాగా వరసగా బంగారు రంగు గీతలు.

నేను చూస్తున్నానని గమనించి ఆయనే చెప్పారు.

"బోర్డు మే. హాల్లో ఒక పాత మిషన్ పీకేసినారు. పెట్టె పాడైపోయింది గానీ లోపల బోర్డు బాగానే ఉండాది. ముదీర్‌ని అడిగినా. తీసుకుపో, ఖలాస్ అన్నాడు."

ముదీర్ అంటే వాళ్ల హాలు మేనేజరు. ఆయన బోర్డుతో చెబుతున్నట్టుగా చెప్పుకుపోయారు.

"అంత పెద్ద మిషన్‌లో ఆట ఉండేది ఈ అట్టలోనే. మిగతాదంతా చెక్కపెట్టె, టీవీ, కరెంటు, పట్టుకుని తిప్పే స్టిక్కు. అవన్నీ పాతవే వెతికి తెచ్చి కలిపినామంటే ఇంట్లోనే ఆడుకోవచ్చు."

"ఎవరాడతారు?" అన్నాను.

అడిగిన తర్వాత ఆ మాట ఎక్కడికి పోయి తగిలిందో ఇద్దరికీ తెలిసింది. ఆయన చేతిలో బ్రష్షు ఆగింది. కాసేపటికి మళ్లీ దులపడం మొదలుపెట్టి, "మనమే" అన్నారు.

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి గదిలోకి వచ్చేది. చచ్చిపోయిన కంప్యూటరు లోంచి తీసిన కరెంటు డబ్బా ఒకటి. అది ఆయనకు తెలిసిన రిపేరు దుకాణంలో మూల పడి ఉన్నదట. బలదియా వాళ్ల, అంటే మున్సిపాలిటీ వాళ్ల చెత్తడబ్బా పక్కన ఎవరో పెట్టిపోయిన మంచం తలపలక ఒకటి. విరిగిన మిషన్ల నుంచి తీసిన స్టిక్కులు రెండు, రంగురంగుల బటన్లు కొన్ని, అవి కూడా ముదీర్‌ని అడిగే. పాత క్యాసెట్ ప్లేయరు స్పీకరు. టోకెను వేసే డబ్బా బదులు గోడకు పెట్టే కాలింగ్ బెల్లు స్విచ్చు. "దీన్ని నొక్కితే టోకెను పడిందనుకుంటాది" అన్నారు. టీవీ మాత్రం కొన్నారు. దేశం వదిలి వెళ్లిపోతున్న కుటుంబం ఒకటి సామాన్లు అమ్ముతున్నామని కరెంటు స్తంభానికి కాగితం అంటించింది. ఆయనకు ఏ టీవీ పడితే ఆ టీవీ పనికిరాదట. వెనకాల వెడల్పాటి సాకెట్ ఉండాలి, దాంట్లో ఎరుపు, పచ్చ, నీలం వేరువేరుగా ఇవ్వొచ్చు, అప్పుడే బొమ్మ హాల్లో లాగా తేటగా వస్తుంది. అలాంటిది ఆ ఇంట్లో ఉందని తెలిసి ఖాలూని తోడు తీసుకుని వెళ్లి ఇద్దరూ మోసుకొచ్చారు. మెట్లెక్కి వచ్చేసరికి ఖాలూ ఆయాసంతో మా మంచం చివర కూర్చుండిపోయారు. ఆయన కూర్చోవడం కోసం నేను కాళ్లు ముడుచుకున్నాను. చాలా రోజుల తర్వాత మా గదిలోకి ఒక అతిథి వచ్చినట్టయింది.

ఆ బోర్డు మాకు దక్కలేదు. బోర్డు అంచుకు తీగల కట్ట తొడగడానికి పొడవాటి ప్లగ్గు ఒకటుంటుంది. అది ఎటువైపు తిప్పి తొడిగినా పట్టేస్తుంది. ఆయన తలకిందులుగా తొడిగారు. స్విచ్చు వెయ్యగానే చిటుక్కుమని ఒక చప్పుడు, కాలిన బెల్లంలాంటి వాసన. చప్పున తీగ లాగేశారు గానీ అప్పటికే ఒక చిప్పు మీద బొబ్బ లేచింది.

చాలాసేపు ఆ బోర్డును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను పడుకున్న చోటి నుంచి ఆయన మెడ వెనక భాగమే కనబడుతోంది. క్షవరం చేయించుకుని చాలా రోజులైనట్టుంది, జుట్టు కాలరు మీదికి దిగింది. ఆయన కూడా తిండీ నిద్రా సరిగ్గా లేకుండా ఉన్నారని అప్పుడు తట్టింది.

"హాల్లో రోజూ చేసే పనే," అన్నారు. "ఇంట్లో తొందరపడినా."

"ఇంకోటి దొరకదా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశారు. నాకు నిజంగా కావాలనే అడిగానో లేదో చూసుకున్నట్టున్నారు. "దొరకతాది," అన్నారు.

అజ్మాన్‌లో మూతపడ్డ ఆటల దుకాణం నుంచి రెండో బోర్డు తెచ్చారు. ఈసారి ప్లగ్గు తొడగబోతుంటే నేను ఆపాను. లేచి కూర్చుని, ట్రంకు పెట్టెలోంచి నా మగ్గం పని దారాల సంచీ తీయమన్నాను. పెళ్లికి ముందు నేను జాకెట్లకు, దుపట్టాలకు మగ్గం పని చేసేదాన్ని. ఏది పైవైపో ఆయన్ని అడిగి, ప్లగ్గుకు ఆ వైపున ఎర్ర దారం కట్టాను, బోర్డుకూ అటువైపే కట్టాను. "దారం దారం కలిస్తేనే తొడగండి" అన్నాను. ఆయన ఆ ముడిని వేలితో తడిమి చూశారు.

తీగలు అతికించే పని ఎక్కువ. ప్రతి బటనుకూ ఒక తీగ, ప్రతి స్టిక్కుకూ నాలుగు దిక్కులకు నాలుగు, మళ్లీ అన్నిటినీ కలుపుతూ ఇంకొకటి. ఆయన వేళ్లు లావు. సన్నటి చోట తీగ పట్టుకోబోతే పక్క తీగ ఊడేది. చూసి చూసి నేను చెయ్యి చాపాను.

"ఇట్లా ఇవ్వండి."

"కాలతాది."

"చెప్పండి, ఎట్లా పట్టుకోవాల్నో."

సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చి, వెనక నుంచి మణికట్టు పట్టుకుని చూపించారు. "వేడి తీగకు ఇయ్యి, సీసానికి కాదు. తీగ కాగితే సీసం దానంతట అదే పారతాది. తొందరపడబాక." మొదటి రెండు మూడు ముద్దముద్దగా వచ్చాయి. తర్వాత చెయ్యి కుదిరింది. సూది ఎక్కడ దిగాలో చూసే కళ్లకు ఇదీ అలాంటిదే. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని నేను అతికించేదాన్ని, ఆయన మీటరు పెట్టి ఒక్కొక్కటీ పరీక్ష చేసేవారు. తీగ సరిగ్గా అతుక్కుంటే మీటరు కుయ్యిమనేది. అలా కుయ్యిమన్నప్పుడల్లా ఆయన తల ఊపేవారు. కింద వీధిలో టాక్సీల హారన్లు, దుకాణాల షట్టర్లు లేపే చప్పుళ్లు. మధ్యాహ్నం ఆయన డ్యూటీకి వెళ్లిపోయాక నేను మళ్లీ పడుకునేదాన్ని. కానీ రేపు ఏ తీగ అతికించాలా అని ఆలోచన వచ్చేది.

అన్నీ కలిపిన రోజు నాకు నీరసంగా ఉండి మంచం మీదే ఉన్నాను. టీవీని ఎదురుగా ట్రంకు పెట్టె మీద పెట్టారు. ఎర్ర దారాలు కలుపుకుని ప్లగ్గు తొడిగారు. బిస్మిల్లా అనుకుని స్విచ్చు వేశారు. స్పీకరులో సంగీతం మొదలైంది. టీవీ మాత్రం నల్లగానే ఉంది.

ఆయన సాకెట్ ఊపి చూశారు, తీగలన్నీ మళ్లీ చూసుకున్నారు. సంగీతం వస్తూనే ఉంది, బొమ్మ లేదు. తర్వాత ఏదో గుర్తొచ్చి నుదురు కొట్టుకున్నారు. రంగులు వేరువేరుగా వస్తున్నాయని టీవీకి తెలియాలంటే ఆ సాకెట్‌లో ఒక చోట కొద్దిపాటి కరెంటు ఇవ్వాలట. గోడ గడియారం దించి, అందులోని పెన్సిల్ బ్యాటరీ తీసి, దానికి రెండు తీగలు ప్లాస్టరుతో అంటించి ఆ చోట తగిలించారు.

ఒక్కసారిగా గదంతా నీలం వెలుగు పడింది. సముద్రం. సముద్రం మీద చిన్న విమానం.

నాకు చాలా సంతోషమనిపించింది. కానీ ఆయన రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడిపోయారు.

"అడ్డంగా వచ్చింది," అన్నారు. "ఇది నిలువు ఆట. హాల్లో టీవీని నిలువుగా బిగిస్తారు. బోర్డు తెచ్చేటప్పుడు ఆ సంగతి చూసుకోలా."

"నాకు సరిగ్గానే కనిపిస్తుండాది," అన్నాను.

నిజంగానే సరిగ్గా కనిపిస్తోంది. విమానం కిందినుంచి పైకి పోతోంది, మబ్బులు పైనుంచి కిందికి దిగుతున్నాయి. ఆయన నా వైపు చూశారు, టీవీ వైపు చూశారు, మళ్లీ నా వైపు చూశారు. నేను ఎడమ చెంప దిండుకు ఆనించి పడుకుని ఉన్నాను. అప్పుడు నాకూ అర్థమైంది.

ముందు నవ్వింది నేనే. నవ్వుతుంటే పొత్తికడుపులో నొప్పి వచ్చింది, అయినా ఆగలేదు. ఆయన కింద కూర్చుని, మంచం పట్టెకు వీపు ఆనించి, తలను పూర్తిగా ఎడమవైపుకు వాల్చి పరుపు మీద పెట్టారు. ఆయన జుట్టు నా చేతికి తగిలింది. "అవును మే," అన్నారు. "సరిగ్గానే ఉండాది."

ఆ పూట అలాగే ఆడాం, ఆయన తల వాల్చుకుని, నేను పడుకుని. స్టిక్కు ఎటు తోస్తే విమానం ఎటు పోతుందో నాకు అందేది కాదు. కుడికి అనుకుంటే పైకి పోయేది. ఆడటం మొదలుపెట్టగానే చచ్చిపోయేదాన్ని. ఆయన కాలింగ్ బెల్లు స్విచ్చు నొక్కి మళ్లీ బతికించేవారు. ఆ స్విచ్చు టకటకమనే చప్పుడు ఖాలాకు ఎలా వినపడిందో ఏమో, తలుపు తోసుకుని వచ్చింది. మమ్మల్నిద్దరినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"క్యా హువా బేటీ? ఇద్దరికీ మెడలు పట్టినయా ఏంది?"

మర్నాడు ఆయనా ఖాలూ కలిసి టీవీని పక్కకు తిప్పి నిలబెట్టారు. దొర్లిపోకుండా రెండు పక్కలా బియ్యం సంచులు పెట్టారు. టీవీ పక్కకు తిరిగేసరికి ఒక మూల ఊదారంగు మచ్చ పడింది. కాసేపు ఆపి మళ్లీ వేస్తే మచ్చ పోయింది. ఇప్పుడు బొమ్మ సరిగ్గా కనబడాలంటే నేను లేచి కూర్చోవాలి. కూర్చున్నాను. చెత్తడబ్బా పక్కన దొరికిన ఆ తలపలకను కోసి ఆయన చేసిన పెట్టె మీద స్టిక్కులు రెండూ పక్కపక్కన బిగించి ఉన్నాయి. ఎర్ర విమానం ఆయనది, నీలం విమానం నాది. ఇద్దరం ఒకే సముద్రం మీద, ఒకే వైపుకు ఎగిరేవాళ్లం. ఒకరికి గుండు తగలబోతుంటే ఇంకొకరు కాస్త పక్కకు జరిగి అడ్డుపడొచ్చు. ఆయన అడ్డుపడటం ఎక్కువ చేసేవారు, దాంతో తొందరగా చచ్చిపోయేవారు. "మీ ఆట మీరు చూసుకోండి" అని నేను కసిరేదాన్ని.

ఖాలా మొదట్లో ఇదేం పిచ్చి అంది. తర్వాత ఒకరోజు పప్పు గిన్నె ఇవ్వడానికి వచ్చి నిలబడి చూసింది. ఇంకో రోజు, "జర నేను గూడ నొక్కి చూస్త" అంది. స్టిక్కు పట్టుకుని విమానంతో పాటు తను కూడా అటూ ఇటూ ఊగేది. శత్రువుల విమానాలు వస్తుంటే వాటితో ఉర్దూలో గట్టిగా మాట్లాడేది. ఖాలూ బస్సు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె మా గదిలో ఉండేది. "వంట అయిందా?" అని ఆయన గుమ్మంలోంచి అడిగితే, "ఠహరో జీ, ఆగుండ్రి, పెద్ద జహాజ్ వచ్చింది" అనేది.

చలికాలం వచ్చింది. షార్జాలో ఆ రెండు మూడు నెలలు కిటికీ తెరిచి పెట్టుకోవచ్చు. ఒక శుక్రవారం పొద్దున, ఖాలావాళ్లు కూరగాయల మార్కెట్టుకు వెళ్లారు. ఫ్లాటులో మేమిద్దరమే ఉన్నాం. ఆయన స్నానం చేసి, నమాజుకు వెళ్లేలోపు ఒక ఆట అన్నారు. అడవి దాటి సముద్రం మీదికి వచ్చాం. అక్కడ కాసేపు శత్రువులెవరూ రారు, రెండు విమానాలూ ఊరికే ఎగురుతూ ఉంటాయి.

"ఆడపిల్ల," అన్నారు ఆయన. తెర మీంచి కళ్లు తిప్పలేదు.

నాకు వెంటనే అర్థమైంది. నా చెయ్యి స్టిక్కు మీదే ఉంది. నేను కూడా తెర వైపే చూస్తూ, "మీరు చూశారా?" అన్నాను.

"నర్సు చూపించింది. చూస్తావా అని అడిగింది, చూస్తానన్నా."

"ఎట్లా ఉండింది?"

"చిన్నది. ఇంతే." చేతులు స్టిక్కు మీంచి తియ్యలేదు కాబట్టి ఎంతో నాకు తెలియలేదు. "వేళ్లన్నీ ఉండాయి. నోరు నీ మాదిరే, కొంచెం తెరుచుకుని." శత్రువుల విమానాలు మొదలయ్యాయి. ఇద్దరం కాల్చాం. ఆయన ఆగి ఆగి చెప్పారు. "నేనూ ఖాలూ పోయినాము ఖబరస్తాన్‌కి. తెల్ల గుడ్డ ఖాలా ఇచ్చింది. నేనే దించినా. బరువే లేదు మే."

నా నీలం విమానం పేలిపోయింది. నేను బెల్లు నొక్కలేదు. ఆయన ఒక్కరే ఇంకొంచెం దూరం పోయి, ఆయనదీ పేలిపోయింది. మళ్లీ ఆడతారా అని తెర మీద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి.

"పేరు పెట్టినా," అన్నారు. "నిన్ను అడగకుండానే పెట్టినా. పేరు లేకుండా పంపడానికి మనసు రాలా."

"ఏం పేరు?"

చెప్పారు. నేను ఆ పేరును నోటితో ఒకసారి పలికాను. ఆ పేరు ఇక్కడ రాయను. అది మా ఇద్దరికీ, ఖాలావాళ్లకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

అప్పుడు ఏడ్చాను, హాస్పిటల్లో కూడా రానంత ఏడుపు. ఆయన నా పక్కకు జరిగి, నా తలను తన భుజం మీదికి తీసుకున్నారు. ఆయన కూడా ఏడుస్తున్నారని భుజం కదలికను బట్టి తెలిసింది. నమాజుకు పిలుపు వినిపించింది. "పోయి రండి" అన్నాను. "పోతా" అన్నారు గానీ ఇంకాసేపు కూర్చునే ఉన్నారు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలా?" అని అడిగాను.

"నీ మొహం చూస్తే నోరు పెగల్లా మే. ఇట్లా ఇద్దరం అటు చూస్తా ఉంటే వచ్చింది."

తర్వాతి శుక్రవారం ఖాలూ తన స్నేహితుడి కారు అడిగి తెచ్చి మమ్మల్ని ఆ ఖబరస్తాన్‌కి తీసుకుపోయారు. ఊరి చివర, ఇసుక నేల, చుట్టూ ఎత్తు తక్కువ గోడ. ఆడవాళ్లు లోపలికి వెళ్లే అలవాటు లేదు కాబట్టి నేనూ ఖాలా గేటు దగ్గర నిలబడ్డాం. మా ఆయన లోపలికి నడిచివెళ్లారు. అక్కడి సమాధులన్నీ ఒకేలా ఉన్నాయి, తలవైపు ఒక రాయి, కాళ్లవైపు ఒక రాయి. చిన్నవన్నీ ఒక పక్కగా ఉన్నాయి. ఆయన ఎక్కడా తడుముకోకుండా ఒక చోటికి పోయి ఆగారు. నేను ఇక్కడినుంచి చూస్తున్నానని తెలుసు కాబట్టి, చెయ్యి పైకెత్తి, ఇదే అన్నట్టు కిందికి చూపించారు. నేను కూడా చెయ్యి ఎత్తాను. ఖాలా నా నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఆయన ఎప్పుడూ ఒక్కరే వచ్చేవారని, డ్యూటీకి పోయేముందు చాలాసార్లు ఇటు వచ్చి పోయేవారని తిరిగి వస్తుంటే ఖాలూ చెప్పారు.

ఆ తర్వాత నేను మామూలు మనిషినయ్యానని చెప్పను. కానీ పొద్దున లేచి నా చాయ్ నేనే పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆయనకూ పెట్టి ఇచ్చేదాన్ని. ఒకరోజు ఆయన హాల్లో పాడైన స్టిక్కుల పలక ఒకటి ఇంటికి తెచ్చారు. తీగలు చాలా చోట్ల తెగి ఉన్నాయి. నేను పూర్తిగా కొత్తగా వేసి, తీగలన్నీ రంగుల వారీగా కట్టలు కట్టి ఇచ్చాను. మగ్గం మీద దారాలు అలా పెట్టుకోవడమే నాకు తెలుసు. ముదీర్ దాన్ని వెనక్కి తిప్పి చూసి, ఇది ఏ కంపెనీకి పంపి చేయించావని అడిగారట. "మా ఇంట్లో చేసినారు" అని ఈయన చెప్పారట. దాంతో అలాంటివి వారం వారం రావడం మొదలైంది. మధ్యాహ్నాలు ఆయన డ్యూటీకి వెళ్లాక కిటికీ దగ్గర కూర్చుని చేసేదాన్ని. ఖాలా కూరగాయలు తరుగుతూ ఎదురుగా కూర్చునేది.

రెండు వేల ఏడులో మాకు బాబు పుట్టాడు. ఆ తొమ్మిది నెలలూ ఆయన నిద్రలో కూడా నా ఊపిరి వింటూ పడుకున్నారు. నేను కదిలితే "ఏంది మే?" అనేవారు. భయం ఇద్దరికీ ఉంది. కానీ ఈసారి భయంగా ఉందని ఒకరికొకరం చెప్పుకున్నాం. పుట్టిన బాబును మొదట ఖాలా ఎత్తుకుంది. ఖాలూ వాడి చెవిలో అజాన్, అదే నమాజు పిలుపు, చెప్పారు.

మరుసటి ఏడు కొండలకు అవతల, తూర్పు తీరాన ఉన్న ఫుజైరాలో కొత్త ఆటల హాలు తెరుస్తూ మా ఆయన్ని అక్కడికి పెద్ద మెకానిక్కుగా పంపారు. అక్కడ మాకు వేరే ఇల్లు, రెండు గదులు, ముందు చిన్న వసారా. సామాన్లు సర్దుతుంటే ఖాలా మా గదికి వచ్చి టీవీ వైపు చూస్తూ నిలబడింది. ఆమె అడగలేదు. మేము ముందే అనుకున్నాం. "ఇది మీకే ఖాలా" అన్నాను. ఆమె వద్దు వద్దు అంటూనే దాని మీద తువ్వాలు కప్పింది, దారిలో దుమ్ము పడుతుందన్నట్టు. నిజానికి అది పోవాల్సింది పక్క గదికే.

కొండల మధ్య దారిలో ఫుజైరా చేరేసరికి మధ్యాహ్నమైంది. ట్రక్కు వాళ్లు సామాను వసారాలో దించి వెళ్లిపోయారు. బాబు పరుపు చుట్ట మీద నిద్రపోయాడు. ఆయన వీధి చివర కెఫెటేరియాకు పోయి పరోటాలు, చాయ్ తెచ్చారు. ఇంట్లో ఇంకా కూర్చునే చోటు లేక గుమ్మం మెట్టు మీద కూర్చుని తిన్నాం. సముద్రం వైపునుంచి గాలి వస్తోంది. ఆయన కొత్త హాలు గురించి చెప్పడం మొదలుపెట్టారు. అక్కడ ఎన్ని రకాల మిషన్లు వస్తున్నాయో, ఏది ఏ మూల పెట్టబోతున్నారో, తీగల పని అంతా నాకే ఇప్పిస్తానని ముదీర్ ఎలా మాట ఇచ్చారో, అన్నీ. ఆగకుండా చెబుతూనే ఉన్నారు. "పరోటా చల్లారిపోతుండాది, తిని చెప్పండి" అన్నాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నములుతూనే మళ్లీ మొదలుపెట్టారు.